చిన్నతాత సవరం

బెర్లిన్‌లో బేబెల్‌ప్లాట్జ్ అనే చోట నేలలో ఒక గాజు పలక ఉంటుంది. వంగి చూస్తే కింద తెల్లటి గది, గది చుట్టూ అలమారలు. వాటిలో ఒక్క పుస్తకం కూడా ఉండదు. ఇరవై వేల పుస్తకాలు పట్టేంత ఖాళీ అది. 1933 మే 10 రాత్రి నాజీ విద్యార్థులు పుస్తకాలు తగలబెట్టింది అక్కడే. దానికి గుర్తుగా మీహా ఉల్మాన్ అనే ఇజ్రాయెలీ శిల్పి ఈ ఖాళీ గదిని చేశాడు.

2023 జూన్‌లో ఒక సాయంత్రం పదిహేను మందిమి ఆ గాజు చుట్టూ మూగి చూస్తుండగా నా ఫోన్ మోగింది. అమ్మ. వాట్సాప్‌లో ఫొటో. గన్నవరం అమ్మాయి, బీటెక్, హైదరాబాద్‌లో ఉద్యోగం, అయిదడుగుల నాలుగంగుళాలు. కింద ఒక మెసేజ్: “నాన్నకి బాగా నచ్చింది. నువ్వు ఊ అంటే జాతకాలు చూపిస్తాం.”

ఫోన్ జేబులో పెట్టేశాను. పక్కనున్న పోలండ్ అమ్మాయి “ఇంటి నుంచా?” అని అడిగింది. అవునన్నాను. “అందరం క్షేమం” లాంటి నవ్వొకటి నవ్వాను. ఆ నవ్వు నాకు పదిహేనేళ్ల వయసు నుంచీ బాగా అలవాటు.

అసలు అక్కడికి ఎలా వెళ్లానో చెప్పాలి. నేను జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాను. డేటా సైన్స్, మనవాళ్లు సగం మంది చేసేదే. క్రెడిట్లు తక్కువైతే వేరే డిపార్ట్‌మెంట్‌లో ఒక చిన్న కోర్సు తీసుకోవచ్చు. జాబితాలో క్వీర్ చరిత్ర గురించి ఒకటి కనపడింది. పది రోజులు, రెండు నగరాలు: బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్. తరగతి గది లేదు, నడకే పాఠం. చివర్లో ప్రతి ఒక్కరూ తమ ఊరికి అలాంటి నడక ఒకటి తయారుచేసి ఇవ్వాలి. ఇంట్లో “హిస్టరీ టూర్” అని చెప్పాను. అబద్ధం కాదు గదా.

*

మొదటి రోజు మమ్మల్ని స్ప్రీ నది ఒడ్డుకు తీసుకెళ్లారు. ఆ ఒడ్డుకి మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ పేరు పెట్టారు. ఆయన యూదు డాక్టరు. 1919 జులైలో దగ్గర్లోనే లైంగిక విజ్ఞాన సంస్థ ఒకటి తెరిచాడు. వైద్యం, లైబ్రరీ, సలహాలు, మ్యూజియం అన్నీ ఒకే కప్పు కింద. మగవాళ్లని ప్రేమించే మగవాళ్లు, ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లు, పుట్టిన దేహంలో ఇమడలేనివాళ్లు అక్కడికి వచ్చేవాళ్లు. కొందరికి అక్కడే ఉద్యోగం కూడా దొరికేది. 1933 మే 6న విద్యార్థులు బ్యాండు మేళంతో వచ్చి ఆ సంస్థను దోచారు. నాలుగు రోజుల తర్వాత మంటల్లో వేసిన పుస్తకాల్లో దాని లైబ్రరీ కూడా ఉంది. హిర్ష్‌ఫెల్డ్ అప్పటికి దేశంలో లేడు. తన జీవితమంతా కాలిపోవడాన్ని పారిస్‌లో ఒక సినిమా హాల్లో న్యూస్‌రీల్‌లో చూశాడు. మళ్లీ ఇంటికి వెళ్లలేదు. 1935లో, తన పుట్టినరోజు నాడే, నీస్‌లో చనిపోయాడు.

ఈయన 1931లో మన దేశమూ వచ్చాడని ఆ రోజే తెలిసింది. ప్రపంచమంతా తిరిగి, ఏ దేశంలో ఎవరెలా ప్రేమిస్తున్నారో చూసి పుస్తకం రాశాడు. అంటే మేము చేస్తున్న యాత్రే, తిరగేసి. ఆయన అటు నుంచి ఇటు వచ్చాడు, తొంభై రెండేళ్ల తర్వాత నేను ఇటు నుంచి అటు వెళ్లాను.

ఆ సాయంత్రం మాకొక మూకీ సినిమా చూపించారు. అదీ 1919దే. రిషార్డ్ ఓస్వాల్డ్ తీశాడు, హిర్ష్‌ఫెల్డ్ రచనలో చెయ్యి వేసి, డాక్టరుగా తెర మీద కనిపించాడు కూడా. ఒక మగవాణ్ణి ప్రేమించి, ఆ సంగతి బయటపెడతానని బెదిరించేవాడి చేతుల్లో నలిగి, ప్రాణం తీసుకునే వయొలిన్ విద్వాంసుడి కథ. మర్నాడే జనం చూడకుండా ఆపలేదు గానీ 1920లో ఆపేశారు. ఇప్పుడు మిగిలింది ముక్కలే. పేరు ‘ఆండర్స్ ఆల్స్ డీ ఆండర్న్’. నాకొచ్చిన అరకొర జర్మన్‌తో మనసులో తెలుగు చేసుకున్నాను: అందరికంటే తేడా.

తేడా.

నేను చదివిన జూనియర్ కాలేజీ హాస్టల్లో నా పేరు అదే. రూముకి ఎనిమిది మంది, స్టడీ అవర్ పదకొండింటి దాకా. నా నడక చూసి ఎవడో మొదట “తేడాగాడు” అన్నాడు. మ్యాథ్స్ బ్యాచ్ కాబట్టి కొన్నాళ్లకి అది “పాయింట్ ఫైవ్” అయింది. సున్నా కాదు, ఒకటి కాదు, మధ్యలో. మెస్‌లో కంచం పట్టుకుని వెళ్తుంటే దశాంశ స్థానాల మీద జోకులు వేసేవాళ్లు. ఒక లెక్చరర్‌గారు విని నవ్వేశారు. ఆయన నవ్వడంతో ఆ పేరు ఖాయమైపోయింది. రెండేళ్లు నేను గోడవార నడిచాను. చేతులు జేబుల్లో పెట్టుకుని, భుజాలు బిగించి, నడకని కొత్తగా నేర్చుకున్నాను.

అదే మాటని నూరేళ్ల కిందట ఒక నగరం సినిమా పేరుగా పెట్టుకుందంటే చీకట్లో కూర్చుని ఏం చెయ్యాలో తోచలేదు.

*

1919 నన్ను వదల్లేదు. కోర్సు అయిపోయిన కొన్నాళ్లకే, జులైలో, హైదరాబాద్ నుంచి ఒక వార్త వచ్చింది. నిజాం కాలపు ‘యూనక్స్ యాక్ట్’ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. 1329 ఫసలీ నాటి చట్టం, అంటే 1919. హిజ్రాల పేర్లూ చిరునామాలూ ఒక రిజిస్టరులో రాసిపెట్టుకోమన్న చట్టం అది. వాళ్లు ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, పాడినా ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో కోర్టుకెళితే అయిదేళ్లకి అది పోయింది.

బెర్లిన్‌లో మాకు ఇంకో కాయితం చూపించారు. అక్కడి పోలీసులు ఇచ్చిన ధృవపత్రం. ఫలానా మనిషి ఆడబట్టలు కట్టుకుని తిరుగుతాడని మాకు తెలుసు, ఆ కారణంగా ఆపక్కర్లేదు అని దాని సారాంశం. హిర్ష్‌ఫెల్డ్ లాంటి డాక్టర్లు రాసిస్తే పోలీసులు ఇచ్చేవాళ్లు. ఒకే కాలంలో ఒక నగరం “ఈ మనిషిని వదిలెయ్యండి” అని కాయితం రాస్తోంది, ఇంకో నగరం “పట్టుకోండి” అని రాస్తోంది. అయితే మొదటిది చూసి మురిసిపోవడానికి లేదు. అదే దేశంలో 175వ సెక్షను ఉంది. 1871లో పుట్టి, నాజీల కాలంలో ఇంకా కోరలు మొలిచి, యుద్ధం అయ్యాక కూడా పశ్చిమ జర్మనీలో 1969 దాకా ఆ కోరలతోనే బతికి, 1994లో గానీ పూర్తిగా పోలేదు. నాజీ క్యాంపుల్లో గులాబీ త్రికోణం కుట్టించుకుని బతికి బయటపడ్డవాళ్లలో కొందరు అదే సెక్షను కింద మళ్లీ జైలుకెళ్లారు.

మా బెజవాడ నిజాం కింద లేదు, మద్రాసు ప్రెసిడెన్సీ. జగ్గయ్యపేట దాటాక నిజాం. కాబట్టి మాకు రిజిస్టరు లేదు, మెకాలే సెక్షను ఉంది, 1860 నాటి 377. అది పోయిన రోజు, 2018 సెప్టెంబరు 6, నేను బీటెక్ మూడో ఏడు. ల్యాబ్‌లో బెంచీ కింద ఫోన్ పెట్టుకుని చదివాను. అయిదుగురు జడ్జీలు ఒకే మాట అన్నారు. నా పక్కవాడు “ఏంట్రా, వికెట్ పడిందా?” అన్నాడు. పడిందన్నాను.

కాయితాల కథ ఇంకా నడుస్తోంది. 2014లో నల్సా తీర్పు, తమ జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు మనిషిదే అంది. 2019 చట్టం, సరే గానీ కలెక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకో అంది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు మాలాంటివాళ్లకి పెళ్లి హక్కు తాను ఇవ్వలేనంది. మొన్న 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మగవాణ్ణి పెళ్లాడిన ట్రాన్స్ మహిళ కూడా భార్యే, పిల్లల్ని కనలేదని ఆమెని ఆడది కాదనడానికి వీల్లేదు, 498ఏ కింద ఫిర్యాదు చెయ్యొచ్చు అంది. అదే తీర్పులో, సరైన ఆరోపణలు లేవని ఆ కేసు మాత్రం కొట్టేసింది. మనకి న్యాయం ఇలాగే వస్తుంది: సూత్రం ఒక చేత్తో, ఫలితం ఇంకో చేత్తో.

*

ఆమ్‌స్టర్‌డామ్‌లో హోమోమాన్యుమెంట్ చూసేదాకా నాకు ఏడుపు రాలేదు. వెస్టర్‌కెర్క్ చర్చి పక్కన, ఆన్ ఫ్రాంక్ ఇంటికి కూతవేటు దూరంలో, గులాబీ రంగు గ్రానైటుతో మూడు త్రికోణాలు. 1987లో కట్టారు. మూడూ కలిపితే ఒక పెద్ద త్రికోణం అవుతుంది. ఒకటి నేలకి సమంగా ఉంటుంది, ఒకటి కాస్త ఎత్తులో అరుగులా ఉంటుంది, మూడోది మెట్లుగా కాలవలోకి దిగుతుంది. ఆ మెట్ల మీద జనం పూలు పెట్టి వెళ్తారు. నీళ్ల అంచున వాడిన పూలు.

నాకది ఘాటులా కనపడింది. దుర్గా ఘాటు మెట్ల మీద కూర్చుని పుష్కరాల్లో తాతయ్యకి పిండం పెట్టిన నాన్న వీపు గుర్తొచ్చింది. మూడు కాలవల ఊళ్లో పుట్టినవాణ్ణి. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. కాలవలో పూలూ వేస్తారు, వద్దనుకున్నవీ వేస్తారని నాకు తెలుసు.

గైడు డచ్చాయన, అరవై ఏళ్లుంటాయి. మా ఊరు ఎక్కడని అడిగితే బందరుకి డెబ్బై కిలోమీటర్లు అన్నాను. ఆయనకి మసులీపట్నం పేరు తెలుసు. పదిహేడో శతాబ్దం మొదట్లోనే వాళ్ల కంపెనీ అక్కడ కోఠీ పెట్టింది, మన అద్దకం బట్టల కోసం. “మేం మీ చీరలు కొనుక్కునే రోజుల్లో ఇక్కడ నాలాంటివాణ్ణి చంపేసేవాళ్లు” అన్నాడు. 1730లో డచ్చి రిపబ్లిక్ అంతటా వేట జరిగింది. ఉట్రెక్ట్‌లో మొదలై ఊరూరా పట్టుకున్నారు, ఎంతోమందిని చంపేశారు. 2001లో ప్రపంచంలో మొట్టమొదట ఒకే జెండర్ జంటలకి పెళ్లి చేసింది కూడా ఈ ఊరే. మధ్యలో ఉన్నది రెండు వందల డెబ్బై ఏళ్లు.

“అంత పాత సంగతులు, అన్ని పేర్లు మీకెలా తెలుసు?” అని అడిగాను.

“కోర్టు కాయితాలు. చంపేముందు అన్నీ శుభ్రంగా రాసుకున్నారు” అన్నాడు.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని, మా ఊరి నడక అసైన్‌మెంట్ మొదలుపెట్టాను. విజయవాడ అని పైన రాసి, కింద గంటసేపు ఏమీ రాయలేదు. మాకు ఫలకాలు లేవు, మ్యూజియం లేదు, ఊరికి సంబంధించి నేను చూపించగల కోర్టు కాయితమూ లేదు. మనల్ని ఎవరూ అంత శ్రద్ధగా రాసుకోలేదు. వెక్కిరించారు, పెళ్లి చేశారు, మర్చిపోయారు.

అప్పుడు గుర్తొచ్చింది చిన్నతాత.

*

తాతయ్యకి తమ్ముడు. నేను పుట్టేనాటికే లేడు. పామర్రు దగ్గర మా ఊళ్లో ఆయన పేరెత్తితే “నాటకాల పిచ్చోడు” అనేవాళ్లు. పద్యనాటకాల్లో ఆడవేషం కట్టేవాడట. హరిశ్చంద్రలో చంద్రమతి, ఉద్యోగవిజయాల్లో ద్రౌపది. అంతకుమించి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఫొటో లేదు. చిన్నప్పుడు నేను టవలు తలకి జడలా చుట్టుకుని గెంతుతుంటే తాతయ్య ఒక్కసారే, చాలా గట్టిగా, వీపు మీద కొట్టాడు. ఆ దెబ్బ నాది కాదేమోనని ఇప్పుడనిపిస్తుంది.

2025 సంక్రాంతికి ఇంటికొచ్చాను. కోర్సు ఎప్పుడో అయిపోయింది, అసైన్‌మెంట్ అరకొరగా రాసిచ్చి మార్కులూ తెచ్చుకున్నాను. కానీ ఆ నడక నిజంగా నడవాలనిపించింది. అక్కకి మాత్రమే నా సంగతి తెలుసు. తను కారు తీసింది.

మొదటి మజిలీ మాచవరం, ఎస్సారార్ కాలేజీ. ఇక్కడ ఎన్టీఆర్ ఇంటర్ చదివేటప్పుడు విశ్వనాథ సత్యనారాయణగారు నాటకంలో నాయకురాలు నాగమ్మ వేషం వెయ్యమన్నారు. కుర్రాడు వేస్తానన్నాడు గానీ మీసం తియ్యనన్నాడు. మీసంతోనే నాగమ్మ కట్టి ‘మీసాల నాగమ్మ’ అని పేరు తెచ్చుకున్నాడు. ఈ కథ చిన్నప్పటి నుంచీ నవ్వుతూ చెప్పుకుంటాం. అదే మనిషి 1963లో ‘నర్తనశాల’లో బృహన్నల అయ్యాడు, ఊరూరా జనం కళ్లకద్దుకున్నారు. మీసం తియ్యనన్నవాడూ, జడ వేసుకున్నవాడూ ఒక్కడే. నా రూమ్మేట్లు కూడా ఆయన వీరాభిమానులే.

రెండోది గాంధీనగర్, హనుమంతరాయ గ్రంథాలయం. ఆ స్టేజీ మీద నాటకాలు చూసిన తరం ఇంకా ఉంది. మూడోది ఏటికి అవతల, తెనాలి. స్థానం నరసింహారావుగారు రామవిలాస సభలో ఆడవేషాలు కట్టి రాష్ట్రాన్ని ఊపేసిన ఊరు. సత్యభామ, చిత్రాంగి, రోషనార. 1956లోనే పద్మశ్రీ.

ఇక నాలుగోది కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడి. దారికి కాస్త పక్కనే నిమ్మకూరు, ఎన్టీఆర్ పుట్టిన ఊరు. చేలల్లో మినుము పచ్చగా ఉంది. కూచిపూడిలో సిద్ధేంద్ర యోగి విగ్రహం దగ్గర ఆగాం. ఈ అగ్రహారంలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సంప్రదాయం. భామ తెర మీంచి జడ వేసి, నన్ను మించి ఆడగలిగేవాళ్లుంటే రండి, ఓడితే ఈ జడ కోసిస్తా అని సవాలు చేస్తుంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ జడ వేస్తే ఇంకెవరూ రాలేదని అంటారు. ఆయనకీ 1970లో పద్మశ్రీ ఇచ్చారు.

అక్కడ నిలబడితే గర్వంగానే అనిపించింది. చూశారా, మాకూ ఉంది అని ఆ డచ్చాయనకి ఫొటో పంపాలనిపించింది. ఫోన్ తీశాను కూడా. అక్క అంది, “ఇది మీదెలా అవుతుందిరా?”

తను అడిగింది న్యాయమే. స్త్రీ వేషం కట్టిన మగవాళ్లందరూ నాలాంటివాళ్లని చెప్పడానికి నాకేం హక్కుంది? అది విద్య, వృత్తి, కొందరికి వంశం. హర్షిత కామత్ 2019లో దీని మీదే ఒక పుస్తకం రాశారు. ఈ ఊళ్లో ఆడవేషం బ్రాహ్మణ పురుషుడి గౌరవాన్ని తగ్గించదు, పెంచుతుంది అన్నది ఆమె పరిశీలన. ఇదే భామాకలాపం ఆడిన కళావంతుల ఆడవాళ్లు ఈ డెల్టాలోనే ఉండేవాళ్లు. వాళ్లకి మిగిలింది 1947 నాటి చట్టమూ, చెడ్డపేరూ. బెజవాడ స్టేషన్‌లో రైలెక్కి చప్పట్లు కొట్టే హిజ్రాకీ చీరే ఉంటుంది, జడే ఉంటుంది. ఆవిణ్ణి చూడగానే కిటికీ వైపు తిరిగి నిద్ర నటించేది మనమే. నేనూ నటించాను, చాలాసార్లు. ఎవరైనా నన్నూ ఆవిడతో కలిపి చూస్తారేమోనన్న భయంతో.

చీర ఒకటే. ఎవరు కట్టారు, ఏ కులం వాడు కట్టాడు, తెర పడ్డాక విప్పేశాడా లేదా అన్నదాన్ని బట్టి పద్మశ్రీయా, పాయింట్ ఫైవా అన్నది తేలుతుంది.

చిన్నతాత విప్పేశాడా?

*

నాయనమ్మకి ఎనభై. కళ్లు బాగానే కనిపిస్తాయి, చెవులు ఆవిడకి కావలసినప్పుడు వినిపిస్తాయి. భోగి మర్నాడు అరిసెలు వత్తుతుండగా పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

“నాయనమ్మా, చిన్నతాత వేషం నువ్వు చూశావా?”

“చూడక? కొత్తగా కాపరానికొచ్చా. చంద్రమతి కట్టాడు. కాటికాడ కొడుకుని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే నేనూ ఏడ్చా. నా మరిదని మర్చేపోయా.”

“ఫొటోలు లేవా?”

“ఉండేయి. ట్రంకు పెట్టె నిండా. చీరలు, గిల్టు నగలు, ఫొటోలు, పద్యాల పుస్తకాలు. పోయినేడాదే... కాదు, ఆయన పోయిన ఏడాది, తొంభై ఒకటి, దినం అయిపోగానే మీ తాత కాలవలో కలిపించాడు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలున్నారు, ఎవరన్నా చూస్తే బావుండదని.”

బేబెల్‌ప్లాట్జ్ గాజు కింద గది గుర్తొచ్చింది. అక్కడ నిప్పు, ఇక్కడ నీళ్లు. వాళ్లు ఊరంతా చూడాలని తగలబెట్టారు, మావాళ్లు ఎవరూ చూడకూడదని ముంచారు.

“పెళ్లి చేసుకోలేదా ఆయన?”

ఆవిడ చెయ్యి ఆగింది. “వద్దన్నాడు. మూడేళ్లు వద్దన్నాడు. వద్దంటే మానేస్తారేంట్రా? చేశాం. ఉయ్యూరు అవతల పిల్ల. బంగారం లాంటి పిల్ల. ఏడాదిన్నర ఉంది. ఒకనాడు నా దగ్గరికొచ్చి, అక్కా, నాలో ఏం లోపవుంది అంది. ఏం చెప్తాను? మర్నాడు పుట్టింటికెళ్లి మళ్లీ రాలా. మారుమనువు చెయ్యలేదు వాళ్లు. కుట్టుమిషను తొక్కుకుంటూ అన్నల పంచన బతికి అట్టాగే పోయింది.” కాసేపాగి అంది, “ఆయన మంచోడే. ఆ పిల్లా మంచిదే. మేవే మంచోళ్లం కాదు.”

చిన్నతాత ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మగవాణ్ణి ప్రేమించాడో, ఎవర్నీ ప్రేమించలేదో, ఆడదానిగా ఉండాలనుకున్నాడో, ఒక్క నాటకాన్నే ప్రేమించాడో. నాయనమ్మకీ తెలియదు, అడిగే మాటలు ఆవిడ దగ్గర లేవు. ఆయన్ని మావాళ్లలో కలిపేసుకోవాలని నాకు చాలా ఆశగా ఉంది గానీ అది నా ఒంటరితనం చేసే పని, చరిత్ర కాదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆయన వద్దన్నాడు. వినలేదు. ఒకరికి బదులు ఇద్దరి జీవితాలు పోయాయి. గన్నవరం అమ్మాయి ఫొటో, ఆ తర్వాత వచ్చిన మరో ఆరుగురి ఫొటోలు నా ఫోన్లో అలాగే ఉన్నాయి. రేపు వాళ్లలో ఒకరు మా అక్క దగ్గరికెళ్లి, నాలో ఏం లోపం అని అడగొచ్చు.

నాయనమ్మ లేచి లోపలికెళ్లి బీరువాలోంచి పాత చాక్లెట్ డబ్బా ఒకటి తెచ్చింది. లోపల పాత పంచె గుడ్డలో చుట్టి ఒక సవరం. మూరన్నర పొడుగు, నల్లగా, కొబ్బరినూనె వాసన.

“తెనాల్లో చేయించాడు, చంద్రమతికి. అసలు జుట్టు. మీ తాత పెట్టె దించుతుంటే ఇది తీసి దాచా.”

“ఎందుకు?”

“మంచి జుట్టు. పారెయ్యబుద్ధి కాలేదు. నా తల అప్పటికే పల్చబడింది. మీ అత్త పెళ్లికి, మీ నాన్న పెళ్లికి ఇదే పెట్టుకున్నా.”

మా ఇంట్లో నాన్న పెళ్లి ఆల్బమ్ ఉంది. అక్షింతలు వేస్తూ నాయనమ్మ, వీపు మీద బారెడు జడ. చిన్నప్పటి నుంచీ వందసార్లు చూశాను. చిన్నతాత ఫొటో లేదన్నారు గదా మా ఇంట్లో. ఉంది.

*

కనుమ సాయంత్రం నాన్న అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

“నాన్నా, నాకు సంబంధాలు చూడొద్దు.”

“ఎవరినన్నా చూసుకున్నావా? చెప్పు. ఏ కులమైనా ఆలోచిద్దాం.” ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

“అమ్మాయి కాదు నాన్నా. నాకు అమ్మాయిలంటే అలా ఇష్టం కలగదు. మగవాళ్లంటేనే కలుగుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.”

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “బెజవాడలో మంచి డాక్టరున్నాడు” అన్నాడు. ఇది జబ్బు కాదని చెప్పాను. బెర్లిన్ గురించి, కోర్టు గురించి చెప్పబోయాను గానీ అవన్నీ అరుగు మీద పనికిరాని మాటల్లా ఉన్నాయి. కాబట్టి అదే అడిగాను. “చిన్నతాతకి పెళ్లి చేశారు గదా. ఏమైంది?”

నాన్న కాలవ వైపు చూశాడు. మా అరుగు మీంచి కాలవ గట్టు కనపడుతుంది.

“ఆ పెట్టె మోసింది నేనే. పెద్దవాళ్లు చెప్పారు, మోశాను. బరువుగా ఉంది. మునగలేదు, కాసేపు తేలింది.”

లేచి లోపలికెళ్లిపోయాడు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ వంటింట్లో ఏడ్చింది, నా మీద కాదు, ఊరు ఏమంటుందోనని. నాలుగో రోజు పొద్దున పెళ్లిళ్ల బ్రోకర్ ఫోన్ చేశాడు. నాన్న నా ఎదురుగానే ఎత్తి, “ప్రస్తుతానికి ఆపుదాం అండీ” అన్నాడు.

ప్రస్తుతానికి. దానితోనే తిరుగు ప్రయాణం కట్టాను.

నా అసైన్‌మెంట్‌ని మళ్లీ రాశాను. మార్కుల కోసం కాదు. మాచవరం, గాంధీనగర్, తెనాలి, కూచిపూడి, చివరి మజిలీ మా ఊరి కాలవ గట్టు. అక్కడ ఫలకం లేదు, త్రికోణం లేదు. బట్టలుతికే రాయి ఒకటుంది, నీళ్లలోకి నాలుగు మెట్లున్నాయి. బయల్దేరే రోజు పొద్దున వెళ్లి నాలుగు బంతిపూలు పెట్టొచ్చాను. సగం చిన్నతాతకి, సగం కుట్టుమిషను తొక్కిన ఆవిడకి.

వచ్చేముందు నాయనమ్మని అడిగాను, ఆ సవరం నాకిస్తావా, దాచుకుంటానని. బెర్లిన్‌లో మాలాంటివాళ్ల వస్తువులు భద్రంగా దాచే మ్యూజియం ఉందని కూడా చెప్పాను.

ఆవిడ డబ్బా మూత గట్టిగా నొక్కి బీరువాలో పెట్టేసింది.

“పోరా. ఫాల్గుణంలో మీ అత్త కూతురి పెళ్లుంది. నాకు కావాలి.”